సముద్రానికి షెడ్యూలు

ఈ శీర్షికకు మీరు పంపే ప్రశ్నల్లో ఎప్పుడూ ముందు వరసలో వుండేది ఒకటుంది. “ఫలానా పాట ఏ బీచిలో తీశారండీ?” జవాబు తెలిస్తే వెంటనే రాస్తాను. తెలియకపోతే కెమెరా డిపార్టుమెంటులో పనిచేసే మిత్రుణ్ణెవర్నో పట్టుకుని కనుక్కుని రాస్తాను. పదిహేను రోజులు తిరక్కుండా అదే చేతిరాతతో రెండో వుత్తరం దిగుతుంది. “మేం ఆరుగురు ఫ్రెండ్సుమి వెళ్తున్నాం. ఎక్కడ దిగాలి? ఏమేం చూడాలి?”

ఈవారం ఆ రెండో వుత్తరానికే జవాబు. కాస్త పొడుగు జవాబే, ఓపిక పట్టండి. లొకేషను పేరు అచ్చువేసి మిమ్మల్ని వూరించేది మేమే కదా! ఆ లొకేషను మంచిచెడ్డల్లో మాకూ కొంత వాటా వుంది.

అవుట్‌డోరుకి బయల్దేరేముందు సినిమా కంపెనీ ఏం చేస్తుందో మీకు తెలిసిందే. మేనేజరు ముందుగా వెళ్ళి చూసొస్తాడు. ఏ నెలలో వెలుతురు ఎలా వుంటుంది, యూనిట్‌కి బస ఎక్కడ, భోజనాలు ఎవరు వండుతారు, వ్యానులు ఎందాకా వెళ్తాయి... అన్నీ కాగితం మీద పడాలి. ఆ కాగితంలో లెక్క తప్పితే ఎంత గొప్ప హీరో వున్నా షెడ్యూలు గోవిందా!

బీచి షికారుకీ అదే సూత్రం. మన రాకవల్ల సముద్రానికి ఎంత చెరుపు జరుగుతుందో ఒడ్డుకి చేరాక తేలేది తక్కువ. ఏ నెల, ఏ తీరం, ఏ బండి, ఏ బస, సంచీలో ఏమున్నాయి... ఇంట్లో కూచుని వేసుకునే ఈ లెక్కల్లోనే ముప్పాతిక వంతు తేలిపోతుంది. ఇసుకలో నిలబడి “చెత్త వెయ్యరాదు” అనే బోర్డు చదివి, అప్పుడు మంచివాళ్ళమవుదాం అనుకుంటే, అప్పటికే ఆరు ఐటాలు ఎక్స్‌పోజ్ అయిపోయినట్టు లెక్క.

ముందు ఒక కథ

‘టైటానిక్’ (1997)తో కుర్రకారు గుండెల్లో గూడు కట్టుకున్న లియొనార్డో డికాప్రియో ఆ తర్వాత ‘ది బీచ్’ అనే చిత్రంలో నటించాడు. డానీ బాయిల్ దర్శకుడు. 2000లో విడుదలయింది. లోకానికి తెలియని ఒక అందాల తీరం వుందని విని, ఒక కుర్రాడు వెతుక్కుంటూ వెళ్ళడం అందులో కథ. ఆ తీరంకోసం కంపెనీవాళ్ళు ఎంచుకున్నది థాయ్‌లాండ్‌లో ‘మాయా బే’ అనే చోటు. చుట్టూ నిట్టనిలువు కొండలు, మధ్యలో తెల్లటి ఇసుక, అద్దంలాంటి నీళ్ళు. దేవుడు వేసిన సెట్టు!

ఆ సెట్టు కూడా చాల్లేదు వాళ్ళకి. తెరమీద ఇంకాస్త ‘స్వర్గం’లా కనబడాలని ఇసుక తిన్నెల్ని కదిలించి, అక్కడ సహజంగా పెరిగే మొక్కల్ని తీసేసి, కొబ్బరిచెట్లు తెచ్చి నాటారు. స్థానికులు గొడవ చేశారు, కోర్టుకెక్కారు. ఆ వ్యవహారం 2022లోగానీ ఒక కొలిక్కి రాలేదు.

అయితే మాయా బేని నిజంగా కుదేలు చేసింది యూనిట్ కంటే ఎక్కువగా ప్రేక్షకులే. ఎవరికీ తెలియని తీరం గురించిన కథ కాస్తా ఆ తీరాన్ని ప్రపంచమంతటికీ తెలియజేసింది. రోజుకి అయిదువేలమంది దాకా వచ్చి పడ్డారు. వరసగా మోటారు పడవలు, వాటి లంగర్లు తగిలి పగడాల దిబ్బలు చితికిపోవడం, ఒంటికి పూసుకున్న క్రీములన్నీ నీళ్ళలో కలవడం... చివరికి 2018 జూన్‌లో ప్రభుత్వం తీరాన్ని మూసేసింది. నాలుగు నెలలనుకున్నది మూడున్నరేళ్ళు అయింది. పగడాలు మళ్ళీ నాటారు. ఏనాడో మొహం చాటేసిన సొరచేప పిల్లలు తిరిగొచ్చాయి. 2022 జనవరిలో తలుపులు తెరిచారుగానీ, షరతులమీద. పడవలు దీవి వెనకవైపునే ఆగాలి. విడతకి ఇంతమందే రావాలి. ఈతలు కుదరవు. ఏడాదికి రెండు నెలలు, ఆగస్టు సెప్టెంబర్లలో, తీరానికి పూర్తి సెలవు!

ఒక సినిమా, పద్దెనిమిదేళ్ళ అభిమానం, ఆపైన మూడున్నరేళ్ళ ఆసుపత్రి. అదీ కథ. ఆ అభిమానుల్లో చెడ్డవాళ్ళు ఎందరుంటారు చెప్పండి? అందరూ మనలాగా ఆ తీరాన్ని ప్రేమించి వెళ్ళినవాళ్ళే.

మన తీరం సంగతి

“అది థాయ్‌లాండ్ గొడవ, మనకెందుకండీ?” అంటారేమో. మనకీ సినిమా తీరాలు తక్కువేం కాదు. 1978లో బాలచందర్ ‘మరోచరిత్ర’ తీశారు. కమల్‌హాసన్, సరితలతోపాటు విశాఖ, భీమిలి తీరాలు కూడా అందులో పాత్రధారులేనంటే అతిశయోక్తి కాదు. రంగులు లేని ఆ సినిమా చూసి రంగురంగుల కలలతో విశాఖ రైలెక్కిన జంటలు ఎన్నో! ఇప్పటి తరానికి ‘ఉప్పెన’ (2021) వుంది. అది చూసి కాకినాడ, ఉప్పాడ దారి పట్టిన కుర్రాళ్ళు నాకు తెలిసినవాళ్ళే పది మంది వున్నారు. కెరటాల ముందు ఫోటో దిగి వచ్చారు. ఆ కెరటాలే ఏళ్ళ తరబడి ఉప్పాడ ఇళ్ళనీ, రోడ్డునీ కొద్దికొద్దిగా కొరుక్కు తింటున్నాయన్న సంగతి మాత్రం వాళ్ళలో ఎక్కువమంది గమనించలేదు. మనకు బ్యాక్‌గ్రౌండుగా కనబడేది అక్కడివాళ్ళకి కొంప మునగడం.

అందుకని ఇక షెడ్యూలు వేద్దాం. కాగితం, కలం తీసుకోండి.

ఒకటి: ఏ నెల?

మనకి బీచి గుర్తొచ్చేది సంక్రాంతి సెలవుల్లో. ఆ తర్వాత పరీక్షలయ్యాక మార్చి, ఏప్రిల్‌లో. సరిగ్గా అవే రోజుల్లో మన తీరానికి ఇంకో అతిథి వస్తుంది. అతిథి అనడం కూడా తప్పే, ఆడపడుచు అనాలి. ఆలివ్ రిడ్లే సముద్రపు తాబేలు.

ఏ తీరంలో పుట్టిందో ఆ చుట్టుపక్కలకే పురిటికి తిరిగి రావడం ఈ తాబేలు జాతి అలవాటు. మన ఆడపిల్లలు పుట్టింటికి వచ్చినట్టే! ముఖ్యంగా జనవరి నుంచి మార్చి దాకా చీకటి పడ్డాక నెమ్మదిగా ఒడ్డెక్కి, గొయ్యి తవ్వి, వందకు పైగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పేసి వెళ్ళిపోతుంది. నలభై అయిదు నుంచి అరవై రోజులకు పిల్లలు బయటికొస్తాయి. అరచేతిలో నాలుగు పట్టేంత ప్రాణులు. చీకట్లో సముద్రంవైపు ఆకాశం కాస్త వెలుతురుగా వుంటుంది. ఆ వెలుతురే వాటికి దారి. ఒడ్డున రిసార్టు దీపాలు, చలిమంటలు, డీజే లైట్లు ఇంకా ఎక్కువగా వెలుగుతుంటే అటు పోతాయి. రోడ్డెక్కి బండ్లకింద పడతాయి, లేదా కుక్కల పాలవుతాయి. తెల్లారేదాకా దారి దొరక్కపోతే ఎండకి మాడిపోతాయి. అన్నీ సవ్యంగా జరిగినా వెయ్యిటిలో ఒకటో రెండో పెద్దవవుతాయంటారు. అలాంటప్పుడు మన సరదా వాటికి అదనపు విలనుగా తయారవడం న్యాయమా?

ఆ నెలల్లో అసలు వెళ్ళొద్దనడంలేదు. పగటిపూట హాయిగా వెళ్ళండి. రాత్రి ఇసుకలో మంటలు, పాటల పెట్టెలు, టార్చిలైట్లు మాత్రం షెడ్యూల్లోంచి కొట్టెయ్యండి. ఇసుకమీద జీపులు, నాలుగు చక్రాల మోటారు బండ్లు ఏ నెలలోనూ వద్దు. బండి బరువుకి ఇసుక గట్టిపడితే కిందనున్న పిల్లలు పైకి రాలేవు. తల్లి తాబేలు కనబడితే దూరంగా, చప్పుడు లేకుండా, ఫ్లాషు కొట్టకుండా నిలబడండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పెద్దపులికి ఎంత రక్షణ వుందో ఈ తాబేలుకీ అంతే వుంది. గుడ్లు ముట్టుకున్నా నేరమే. విశాఖ తీరంలో అటవీశాఖవాళ్ళు గుడ్లను సేకరించి, కంచె వేసి కాపాడి, పొదిగాక పిల్లల్ని సముద్రంలోకి వదులుతారు. ముందుగా కనుక్కుని ఆ సమయానికి వెళ్ళగలిగారా, ఏ ఫస్ట్ డే ఫస్ట్ షో దానిముందు పనికిరాదు!

రెండు: ఏ తీరం?

అందరూ వెళ్ళే చోటికే, అందరూ వెళ్ళే ఆదివారంనాడే వెళ్ళాలని రూలేమీ లేదు. మధ్యవారం వెళ్తే మీకూ సుఖం, తీరానికీ సుఖం. స్నానాలకు మనుషులు అలవాటుగా దిగే తీరం, కాపలావాళ్ళూ మరుగుదొడ్లూ వున్న తీరం చూసుకోండి. “ఎవరూ లేని బీచి కావాలండీ” అని అడుగుతుంటారు కొందరు. ఎవరూ లేని చోటంటే చాలాసార్లు తాబేళ్ళు వున్న చోటని అర్థం. పైగా లోపలికి లాగే నీళ్ళెక్కడున్నాయో చెప్పే మనిషి కూడా అక్కడ వుండడు.

విశాఖలో రుషికొండ తీరానికి 2020లో ‘బ్లూ ఫ్లాగ్’ గుర్తింపు వచ్చింది. నీటి శుభ్రత, భద్రత, చెత్త ఏర్పాట్లు వగైరా 33 పరీక్షలు ప్యాసయితే డెన్మార్క్‌లోని ఒక సంస్థ ఇచ్చే నీలిజెండా అది. ఆ ఏడాది దేశం మొత్తంమీద ఎనిమిది తీరాలకే దక్కింది. అయితే 2025లో శుభ్రత, నిర్వహణ బాగాలేవని కొన్నాళ్ళు జెండా దించేశారు. తంటాలుపడి బాగుచేసుకున్నాక మళ్ళీ ఇచ్చారు. మార్కులు ఒకసారి తెచ్చుకుంటే చాలదు, ఏటా పరీక్ష రాయాలి! అక్కడికి వెళ్ళే ప్రతి ఒక్కరూ ఆ పరీక్షలో ఒక మార్కే.

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలున్నాయి. ఎన్నో సినిమాల్లో చూసే వుంటారు. గాలీ, వానా, సముద్రమూ కలిసి వేల ఏళ్ళపాటు పోగుచేసిన ఇసుక అది. దేశంలోని భూగర్భ వారసత్వ సంపదల్లో ఒకటిగా గుర్తింపు పొందింది. పెళ్ళికి ముందు ఫోటోలకనీ, రీళ్ళకనీ ఆ అంచుల మీదికి ఎగబాకితే వేల ఏళ్ళ గట్టు ఒక్క అడుగుకి జారిపోతుంది. మా కాలంలో రీలంటే వెయ్యి అడుగులు. ఇప్పటి రీలు నిమిషం కూడా వుండదు. నిమిషానికోసం అన్ని వేల ఏళ్ళు ఖర్చుపెట్టడం ఎంత దుబారా! దారి వున్నంతవరకు నడవండి, చాలు. అలాగే ఒడ్డున ఇసుకమీద పాకే తీగలు, మొగలి పొదలు పిచ్చిమొక్కలని పీకకండి. ఇసుక ఎగిరిపోకుండా పట్టుకునేవి అవే.

మూడు: బండి, బస

హైదరాబాదు మిత్రులకి సముద్రం లేదని దిగులక్కర్లేదు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో సాయంత్రం ఎక్కి నిద్రపోతే పొద్దున్నకి విశాఖ. 1974 నుంచీ ఆ రైలు చేస్తున్న పని అదే. సూర్యలంక వెళ్ళాలంటే బాపట్ల స్టేషన్‌లో దిగితే తొమ్మిది పది కిలోమీటర్లు. ఆరుగురు మూడు కార్లలో వెళ్ళడంకంటే ఒక రైలు పెట్టెలో వెళ్తే పొగా తక్కువ, ఖర్చూ తక్కువ, కబుర్లు మాత్రం ఎక్కువ.

బస కుదుర్చుకునేటప్పుడు ఏసీ వుందా, టీవీ వుందా అని అడుగుతాం. ఇంకో మూడు ప్రశ్నలు కలపండి. మీ మురుగునీళ్ళు ఎక్కడికి పోతాయి? సముద్రంవైపు దీపాలు రాత్రిపూట ఆర్పుతారా? మంచినీళ్ళు సీసాల్లో కాకుండా డబ్బాల్లోంచి పట్టుకోవచ్చా? మేనేజరు మొదట వింతగా చూస్తాడు. చూడనివ్వండి. పదిమంది అడిగితే పదకొండోవాడికి జవాబు సిద్ధంగా వుంటుంది. అడిగే కస్టమరుకి భయపడినంతగా వ్యాపారస్థుడు ఏ బోర్డుకీ భయపడడు.

నాలుగు: సంచీలో ఏముంది?

కార్తీక వనభోజనాలకు మన పెద్దవాళ్ళు ఎలా వెళ్ళేవారో గుర్తు చేసుకోండి. పులిహోర స్టీలు క్యారేజీలో, మంచినీళ్ళు మరచెంబులో, వడ్డనకి అడ్డాకుల విస్తళ్ళు. తిన్నాక విస్తరి ఆవుకి, చెంబు సంచీలోకి. ‘పర్యావరణం’ అన్న మాట వాళ్ళు పలికి ఎరగరు. ఆ పని మాత్రం చేసి చూపించారు. 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్ళేలు, కప్పులు, చెంచాలు, స్ట్రాలు దేశమంతటా నిషేధం. చట్టం ఇప్పుడు చెప్పింది మన నాయనమ్మ ఎప్పుడో పాటించింది.

కాబట్టి సంచీలో ఒక మరచెంబు, ఒక క్యారేజీ, ఒక తుండుగుడ్డ, చివర్న ఒక ఖాళీ గోనెసంచీ. ఆ గోనెసంచీయే ముఖ్యం. తెచ్చిన చెత్త అందులోనే తిరుగు ప్రయాణం కట్టాలి. బీచిలో చెత్తడబ్బా వున్నా నిండి పొర్లుతుంటే గాలి దాన్ని సముద్రానికే వడ్డిస్తుంది. ఎండకి ఒంటినిండా క్రీములు పులుముకునే బదులు పూర్తిచేతుల నూలు చొక్కా, టోపీ మేలు. పగడాలకు హాని చేసే క్రీములను థాయ్‌లాండ్ తన జాతీయ పార్కుల్లో 2021లో నిషేధించింది.

తిరిగొచ్చేటప్పుడు సంచీలో గవ్వలు, శంఖాలు, పగడపు ముక్కలు వుండకూడదు. ఖాళీ గవ్వల్లో కాపురం పెట్టే పీతలున్నాయి. మనం షోకేసులో పెట్టుకునే గవ్వ వాటికి అద్దెలేని ఇల్లు. పైగా పగడాలూ, కొన్ని రకాల శంఖాలూ చట్టం కింద వున్నాయి.

ఐదు: అక్కడి మనుషులు

నేను విశాఖ వెళ్ళినప్పుడల్లా పొద్దున్నే అలివి వల లాగడం చూడ్డానికి ఒడ్డుకి పోతాను. రెండు బారుల మనుషులు, ఒకే లయ. ఏ నృత్యదర్శకుడూ నేర్పలేడు. ఒకసారి కుర్రాళ్ళ గుంపొకటి ఆ తాళ్ళమధ్య నిలబడి ఫోటోలు దిగుతోంది. పక్కనే బుట్ట పెట్టుకు కూచున్న పెద్దావిడ నాతో అంది: “మీకిది బీచీ గానీ బాబూ, మాకు పొలం. పొలంలో నాట్లేసే కాడ ఎవరైనా గంతులేస్తారేటి?”

ఆ మాట నాకిప్పటికీ వినబడుతూనే వుంటుంది. తాళ్ళు దాటకండి, పడవలెక్కకండి, ఫోటోకి ముందు ఒక మాట అడగండి. చేపలు తినాలనుంటే ఆ పూట వలలో పడ్డవే అడిగి తినండి. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవలకు వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టుకునే కాలమని. ఆ రోజుల్లో హోటల్లో కూచుని ఫలానా పెద్దచేపే కావాలని పట్టుపట్టకండి. సంప్రదాయపు తెప్పలవాళ్ళు తెచ్చే చిన్నచేపల పులుసు రుచి చూడండి. మీ డబ్బు ఆ పెద్దావిడ బుట్టలో పడుతుంది.

“మనొక్కరివల్ల ఏమవుతుందండీ?”

ఈ వుత్తరం తప్పకుండా వస్తుందని తెలుసు. నిజమే, నగరాల మురుగు, కాలవల్లో కొట్టుకొచ్చే ప్లాస్టిక్, ఫ్యాక్టరీల నీళ్ళు, నడిసముద్రంలో వదిలేసిన వలలు... వీటిముందు మన బిస్కెట్టు కాగితం ఎంత! ఆ పెద్ద గొడవలకు జవాబు చెప్పాల్సింది ప్రభుత్వాలూ కంపెనీలే. వాళ్ళని అడగడం మానొద్దు. కాని మీ మాటకు విలువుండాలంటే అడిగేవాడి చెయ్యి శుభ్రంగా వుండాలి. మాయా బేకి వెళ్ళిన అయిదువేలమందిలో ప్రతివాడూ “నేనొక్కణ్ణే కదా” అనుకునే పడవెక్కాడు. నేల క్లాసులో ఒక్కడు ఈల వేస్తే చాలు, హాలంతా ఈలలే అని మీకు వేరే చెప్పాలా? మంచికైనా చెడ్డకైనా ఆ మొదటి ఈల మీదే!

సినిమావాళ్ళకీ ఒక మాట. ప్యాకప్ చెప్పాక ఇసుకలో మిగిలే థర్మోకోలు ముక్కలు, మేకులు, పేపరు కప్పులు ఏరించడం ప్రొడక్షన్ మేనేజరు లిస్టులో చివరి పనిగా కాకుండా మొదటి పనిగా రాసుకోవాలి. అభిమానులు మీ హెయిర్‌స్టైలే అనుకరిస్తారనుకుంటున్నారా? మీరు తీరాన్ని ఎలా చూస్తారో అలాగే వాళ్ళూ చూస్తారు.

సరే, ఇక మీ వంతు. ఒక కార్డుమీద అయిదే అయిదు ముక్కలు రాసి పంపండి: నెల, తీరం, బండి, బస, సంచి. మీ షెడ్యూలు బాగుంటే ఈ శీర్షికలో వేస్తాం, ఇంకో ఆరుగురికి పనికొస్తుంది. గోనెసంచీ మర్చిపోయిన షెడ్యూళ్ళు మాత్రం రీషూట్‌కి తిప్పి పంపబడును!

వుంటాను మరి. వచ్చేవారం కలుద్దాం.